సూదక్క కుట్టిన ముగింపు

మా లైబ్రరీలో పుస్తకాలు బాగుచేసే గదికి బోర్డు లేదు. మెట్ల కింద పిండి జిగురు వాసన ఎక్కడ తగిలితే అదే ఆ గది. లోపల కిటికీ వారగా పొడుగాటి బల్ల. దాని మీద బిగింపు చెక్కలు, మైనం రుద్దిన దారపు ఉండలు, రెండు దబ్బనాలు, సొట్టలు పడిన స్టీలు గిన్నెలో జిగురు. బల్ల వెనక సూదక్క. ఆవిడకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, హాజరు పట్టీలో తప్ప అది ఇంకెక్కడా పనికి రాలేదు.

నేను పైన కౌంటరు దగ్గర ముద్రలు వేసేదాన్ని. మధ్యాహ్నం జనం పల్చబడగానే కిందికి దిగి, ఆవిడ ఎదురుగా ముక్కాలిపీట లాక్కుని కూర్చోవడం పదకొండేళ్లుగా అలవాటు. ఆవిడ చేతులు ఒక పని చేస్తుంటాయి, నోరు ఇంకో పని చేస్తుంటుంది.

“ఇటు చూడు చెల్లీ,” అంది ఒకసారి, కుట్లు విడిపోయిన పాత కథల పుస్తకం ఒకటి నా ముందుకు తోసి. “పెళ్లి జరిగిన పేజీ ఎట్లా ఉంది?”

“కొత్త కాగితంలా ఉంది.”

“మొగుడితో గొడవపడిన పేజీ?”

“అదీ బాగానే ఉంది.”

“ఇప్పుడు ఇది చూడు. ఇందులో ఏమీ జరగదు. ఆవిడ దువ్వెన చేత్తో పట్టుకుని, తల దువ్వుకోకుండా గోడకేసి చూస్తూ కూర్చుంటుంది. అంతే. దీని అంచు మీద ఎన్ని వేళ్లు పడ్డాయో చూశావా? మూల నలిగి నలిగి ఊడొచ్చింది. ఇదిగో, వంటింట్లోంచి లేచొచ్చిన వేలు కూడా ఒకటుంది, నూనె మరక.”

“అంటే?”

“అంటే ఏముంది! ఆడవాళ్లు కథలో ఎక్కడ ఆగుతారో పుస్తకమే చెప్పేస్తుంది. రాసినాయన దువ్వెన గురించి రాశాడనుకుంటున్నావా ఏంటి?”

దువ్వెన గురించి కాకపోతే మరి దేని గురించో చెప్పకుండా దబ్బనంలోకి దారం ఎక్కించుకుంది. ఆవిడ పద్ధతే అంత. తలుపు ఓరగా తీసి పెడుతుంది. లోపలికి రావడం మన పని.

శనివారం సాయంత్రాలు పై హాల్లో ఆడవాళ్లు కథలు చదువుకోవడానికి చేరతారు. ఏడెనిమిది కుర్చీలు, ఒక కథ. ఒకరు పైకి చదవడం, తక్కినవాళ్లు పోట్లాడుకోవడం. వాళ్లలో పెద్ద రిటైరైన లెక్కల టీచరు. ఏ కథనైనా నిరూపించి తీరాలంటుంది. ఆవిడకు ఎప్పుడూ అడ్డం పడేది ఆసుపత్రిలో డ్యూటీ దిగి నేరుగా వచ్చే నర్సమ్మ. సూదక్క కుర్చీలో కూర్చోదు. తలుపు దగ్గర నిలబడి, వేళ్లకు ఎండిన జిగురు గోక్కుంటూ వింటుంది. మాట ఎటూ తేలనప్పుడు అందరి తలలూ ఆవిడ వైపు తిరుగుతాయి. ఆవిడ ఒక్క ముక్క అంటుంది. ఇక అదే తీర్పు.

వాళ్లకు ప్రాణమైన కథ ఒకటుంది. ఒకే ఒక్క ప్రతి ఉన్న పాత సంపుటంలో ఆఖరి కథ. చాలా చిన్నది. ఒకావిడ పుట్టింటి నుంచి నీలం పింగాణీ గిన్నె తెచ్చుకుంటుంది. అత్తగారు మొదటి రోజే “పగిలిపోతుంది, పైన ఉండనీ” అని దాన్ని తీసి అటక అంచున బోర్లించేస్తుంది. ఏళ్లు గడుస్తాయి. ఒకనాడు ఆవిడ గిన్నె దింపి కడుగుతుంది. ముక్కాలిపీట ఎక్కి, తడిచేత్తో, లోపలి తడి తుడవకుండానే మళ్లీ బోర్లిస్తుంది. తర్వాత వాన వస్తుంది. గిన్నె వాకిట్లో వెల్లకిలా పెడుతుంది. అది నిండుతుంటే గేటు తీసుకుని, ఎవరికీ చెప్పకుండా వీధి చివరిదాకా నడిచి వానలో నిలబడుతుంది. కథ అయిపోయింది.

దీని మీద ఎన్నిసార్లు యుద్ధం జరిగిందో లెక్కలేదు.

“గిన్నె అంటే ఆవిడ మనసేనండీ,” అనేది నర్సమ్మ. “ఇన్నాళ్లూ బోర్లించి ఉంది. ఆ రోజు వెల్లకిలా తిరిగింది. ఇంకేం కావాలి?”

“మనసే, కాదనను. కానీ అటక మీద బోర్లించిన గిన్నె వాకిట్లోకి ఎట్లా వచ్చింది? రెండోసారి దింపినట్టు ఒక్క వాక్యం చూపించు. పైగా కడిగిన గిన్నె తుడవకుండా బోర్లించడం ఏమిటి?”

“టీచరమ్మా, ఆవిడకేమన్నా మార్కులు వేస్తున్నారా? ఇంట్లో సవాలక్ష పనులు. మర్చిపోయి ఉంటుంది.”

“ఆవిడ మర్చిపోవచ్చు. రాసినావిడ మర్చిపోదు.”

అప్పుడు తలలు తలుపు వైపు తిరిగేవి. సూదక్క అనేది: “వెళ్లిందిగా. అది చాలదా?”

ఆ పుస్తకాన్ని కుట్టింది సూదక్కే. ముప్పై రెండేళ్ల కిందట, ఈ బల్ల మీద కాదు, అత్తగారింట్లో ముందుగదిలో. ఆ సంగతి నాకు కొంచెం కొంచెంగా, ఎన్నో మధ్యాహ్నాల మీద తెలిసింది.

మామగారు బైండింగులో పేరున్న మనిషి. ఈవిడ కోడలిగా అడుగుపెట్టిన రెండో ఏడాదికే ఆయన చేతులు వణకడం మొదలుపెట్టాయి. ఆయన పక్కన కూర్చుని చెబుతుంటే ఈవిడ కుట్టేది. నాలుగేళ్లు అట్లా సాగింది. కట్టలు సైకిలు మీద లైబ్రరీకి చేరవేయడం మొగుడి పని. అక్కడివాళ్లు “పెద్దాయన చెయ్యి ఇంకా చెక్కు చెదరలేదు” అని మెచ్చుకునేవాళ్లు. మొగుడు ఆ మాట ఇంటికొచ్చి చెప్పేవాడు. మామగారు తల దించుకునేవాడు. కోడలు దారానికి మైనం రుద్దుతూ ఊరుకునేది.

“కోపం రాలేదా అక్కా?” అని అడిగాను.

“ఎవరి మీద రావాలి? మావయ్య బంగారం లాంటి మనిషి. మీ బావ సంగతి నీకు తెలుసుగా, కందిరీగ కుట్టినా దానికి దెబ్బ తగిలిందేమోనని చూస్తాడు. కోపం కాదమ్మాయ్. ఇంకేదో ఉండేది. కాగితాల మధ్య ఇరుక్కున్న వెంట్రుక లాగా. కనపడదు, పుస్తకం మూసినప్పుడు మాత్రం సరిగ్గా మూతపడదు.”

నీలం గిన్నె కథ ఉన్న సంపుటం ఆ రోజుల్లోనే వచ్చింది. చెమ్మ పట్టి చివరి భాగమంతా విడిపోయింది. కింది అంచులు చివికి రాలిపోయాయి, పేజీ నంబర్లు లేవు. తక్కిన కాగితాలు వాక్యం నుంచి వాక్యానికి పట్టుకుని వరస పెట్టింది. ఆఖరి రెండింటి దగ్గర చిక్కొచ్చింది. రెండూ కొత్త పేరాతోనే మొదలవుతాయి, పేరా పూర్తయ్యే ముగుస్తాయి. కథ అయిపోయిందని చెప్పే గుర్తు ఎక్కడా లేదు. ఒక కాగితం మీద బోర్లించడం, ఇంకో దాని మీద వాన. మామగారు లోపల పడుకుని ఉన్నాడు. అడగాలన్న ఆలోచనే రాలేదట. గిన్నె బోర్లించిన కాగితం ముందు, వాన కాగితం వెనక పెట్టి కుట్టేసింది.

కుట్టి, చేతులు కడుక్కుని, మొగుడు వచ్చేదాకా ఆగకుండా కట్ట తానే చంకన పెట్టుకుని నడుచుకుంటూ లైబ్రరీకి వచ్చింది. అప్పటి హెడ్డు బల్ల మీద పెట్టి చెప్పింది: “నాలుగేళ్లుగా ఈ పుస్తకాలు కుడుతున్నది నేనండీ. కావాలంటే ముడి చూడండి. మావయ్యది కుడిచేతి ముడి. నాది ఎడమచేతి వాటం, ముడి ఇటు తిరుగుతుంది.” ఆయన అలమరలోంచి పది పుస్తకాలు తీసి, వెన్ను విప్పి చూశాడు. పదీ ఇటే తిరిగి ఉన్నాయి. నెల తిరగకుండా ఆవిడకు ఈ గది ఇచ్చారు.

“మీ బావ మొహం చూడాల్సింది ఆ రోజు,” అని ఇప్పటికీ నవ్వుతుంది. “‘పుస్తకాలిచ్చి వస్తావనుకుంటే ఉద్యోగం తెచ్చుకున్నావేంటే!’ అన్నాడు. మావయ్య మాత్రం, ‘నా చేతులు ఇంట్లోనే ఉన్నాయనుకున్నాను, లైబ్రరీకి వెళ్లిపోయాయన్నమాట’ అని పడీ పడీ నవ్వాడు.”

ఆవిడ చేతి కింద ఎన్నడూ ఒక్క కాగితం తారుమారు కాలేదు. అందరూ అదే అనేవాళ్లు. ఆవిడా అదే నమ్మింది.

కిందటి ఏడాది పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది: చేతి పని ఆపి, చిరిగిన పుస్తకాలన్నీ మిషను బైండింగుకు పంపండి, ఆ గది మూసేయండి అని. మా హెడ్ మేడం మంచి మనిషి, కాకపోతే కాగితం ముక్క ఆధారం లేకుండా ఏమీ చేయదు. సూదక్కను పిలిచి చెప్పింది.

“ముప్పై ఒక్కేళ్లలో ఈ గది మీద ఒక్క ఫిర్యాదు లేదు. నా చేతిలో ఉన్నది అదొక్కటే. శనివారం కాలేజీ లెక్చరరు వస్తోంది, పాత కథల్లో ఆడవాళ్ల మీద మాట్లాడటానికి. ఆవిడ చేత కూడా నాలుగు మంచి మాటలు రాయించుకుని, సోమవారం జవాబు పంపుతాను. నువ్వు నిశ్చింతగా ఉండు.”

బుధవారం మధ్యాహ్నం ఆ లెక్చరరు ముందుగానే వచ్చింది. చిన్నపిల్ల, ముప్పై కూడా ఉండవు. తాను మాట్లాడబోయేది నీలం గిన్నె మీదేనని, మా ప్రతి ఒకసారి చూస్తానని కింది గదికి వచ్చింది. నేను పీట మీదే ఉన్నాను. పుస్తకం చివర తిప్పి చూసి, మళ్లీ వెనక్కి తిప్పి చూసింది. తర్వాత సంచిలోంచి జిరాక్సు కాగితాలు తీసింది.

“సూదక్క గారూ, ఇది మా కాలేజీ ప్రతి. పేజీ నంబర్లు కూడా ఉన్నాయి. ఇందులో వాన ముందు వస్తుందండీ. బోర్లించడంతో కథ అయిపోతుంది.”

సూదక్క జిరాక్సు చూడను కూడా లేదు. మా పుస్తకం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి, చివరి కాగితాలు ఒక్కొక్కటే వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. ఎప్పుడో పాత రోజుల్లో వెనక అట్ట వైపు నుంచి పురుగొకటి పుస్తకంలోకి తొలుచుకుంటూ వెళ్లింది. అట్ట దగ్గర బెజ్జం ఆవగింజంత. లోపలికి పోయేకొద్దీ సన్నబడి సూదిమొనంత. బోర్లించిన కాగితం మీద బెజ్జం పెద్దది. వాన కాగితం మీద చిన్నది.

“నంబర్లు పోతే పురుగు బెజ్జం చూసుకోవాలని మావయ్య నేర్పిన మొట్టమొదటి పాఠం,” అంది. “ఆ రోజు చూడలేదు. చూడాలని కూడా అనిపించలేదు. అంత గట్టిగా తెలుసనుకున్నాను.”

లెక్చరరు పిల్ల కంగారుపడింది. గది సంగతి పైన విని వచ్చినట్టుంది. “ఇదేమంత పెద్ద విషయం కాదండీ. నేను వేరే ముద్రణ అని చెప్పి సర్దేస్తాను. లేకపోతే ఇంకో కథ మీద మాట్లాడతాను. ఎవరికీ తెలియదు.”

“నీకు తెలిసింది. దీనికి తెలిసింది,” అంది నన్ను చూపించి. “పురుగుకి ఎప్పుడో తెలుసు. ఇంకెవరికి తెలియకూడదు?” తర్వాత గొంతు తగ్గించి, “నువ్వు మంచిదానివి తల్లీ. శనివారం ఆ కథ మీదే మాట్లాడు,” అంది.

శనివారం వరకూ ఆవిడ ఎప్పటిలాగే పని చేసింది. నేనే రెండుసార్లు తప్పు తారీఖు ముద్ర వేశాను. శుక్రవారం ఉండబట్టలేక అన్నాను: “గది పోతుందక్కా.”

“పోవచ్చు.”

“సోమవారం దాకా ఆగి చెప్పకూడదా? జవాబు వెళ్లిపోయాక?”

ఆవిడ దబ్బనం బల్ల మీద పెట్టింది. కోప్పడుతుందనుకున్నాను. నవ్వింది. “ముడి చూడండి అని అడిగి ఈ గదిలోకి వచ్చినదాన్ని. ముడి చూడకండి అని ఇందులో ఉండనా?”

శనివారం కుర్చీలన్నీ నిండాయి. హెడ్ మేడం ముందు వరసలో కూర్చుంది. లెక్చరరు బాగా మాట్లాడింది. పాత కథల్లో ఇల్లాలు నోరు తెరిచి తన బాధ చెప్పదని, ఆవిడ చేతిలో ఉన్న వస్తువును చూస్తే చాలని, తాళం చెవో కిటికీయో గిన్నెయో ఆవిడ బదులు మాట్లాడుతుందని చెప్పింది. నీలం గిన్నె దగ్గరికి రాగానే ఆగి తలుపు వైపు చూసింది.

సూదక్క లోపలికి వచ్చింది. ఒక చేతిలో పుస్తకం, ఇంకో చేతిలో కత్తి, దబ్బనం, దారం. జీవితంలో మొదటిసారి ఆ హాల్లో కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఈ కథ చివరి రెండు కాగితాలు నేను తారుమారుగా కుట్టాను,” అంది. “వాన ముందు రావాలి. గిన్నె బోర్లించడం ఆఖరు. తప్పు నాదే. పురుగు బెజ్జం చూసుకుని ఉంటే తెలిసేది. చూసుకోలేదు.”

హెడ్ మేడం చేతిలో పెన్ను అలాగే ఆగిపోయింది. అందరికన్నా ముందు తేరుకున్నది లెక్కల టీచరు.

“నేను చెప్పలేదూ! దింపినట్టు ఎక్కడా లేదని పదేళ్లుగా మొత్తుకుంటున్నాను! వాన ముందైతే రెండోసారి దింపే పనే లేదు! కడిగింది, వానలో పెట్టింది, తర్వాత బోర్లించింది. సరిపోయిందా లేదా?”

“మీ లెక్క సరిపోయింది లెండి,” అంది నర్సమ్మ. ఆవిడ మొహం కందగడ్డలా ఉంది. “ఏంటక్కా ఇది! ఇన్నేళ్లూ మమ్మల్ని ఆ వీధి చివర వానలో నిలబెట్టి, ఇప్పుడు ఇంటికి పొమ్మంటావా? అంతా చేసి ఆవిడ మళ్లీ గిన్నె అటకెక్కించిందా? నాకు వద్దీ కథ. నీ కుట్టే బాగుంది. అట్లాగే ఉంచెయ్.”

ఇంకో ఇద్దరు కూడా అవునవునన్నారు. నిజం చెప్పొద్దూ, నేనూ మనసులో అదే అనుకున్నాను.

“నా ఇష్టమొచ్చినట్టు కుట్టుకోవడానికి ఇది నా జాకెట్టా?” అంది సూదక్క. “ఇంకొకావిడ రాసుకున్న పుస్తకం.” మరింక ఆగకుండా వెన్ను దగ్గర దారం పుటుక్కున తెంపింది.

అట్ట వెనక్కి వంచి, పాత జిగురు గీకి, రెండు కాగితాలూ విడదీసి చోటు మార్చింది. పాత కుట్టు బెజ్జాల్లోంచే దబ్బనం దూర్చింది. పావుగంట పట్టింది. ఎవరూ లేచి వెళ్లలేదు. ముడి వేసి, పుస్తకం లెక్కల టీచరు చేతికిచ్చింది. “చదవండి.”

టీచరు వాన దగ్గర నుంచి ఎత్తుకుంది. గిన్నె వాకిట్లో నిండింది. గేటు తెరుచుకుంది. వీధి చివర ఆవిడ నిలబడింది. కాగితం తిరిగింది. ఆవిడ ముక్కాలిపీట ఎక్కింది. “తడిచేత్తో, లోపలి తడి తుడవకుండానే,” అని చదివి టీచరు ఆగిపోయింది. మళ్లీ చదివింది. ఈసారి నెమ్మదిగా.

“అది కడిగిన తడి కాదు,” అంది నర్సమ్మ. ఎవరితోనో కాదు, తనలో తాను అన్నట్టు. “వాన తడి.”

“మొదట బోర్లించింది ఎవరు?” అని అడిగింది సూదక్క.

“అత్తగారు.”

“ఇప్పుడో?”

నర్సమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. “ఇంట్లో ఎవరు తలెత్తి చూసినా, బోర్లించిన గిన్నే కనపడుతుంది,” అంది లెక్కల టీచరు. ఆ గొంతులో నిరూపించే పట్టుదల లేదు. “లోపల వాన ఉందని ఆవిడకొక్కదానికే తెలుసు.”

లెక్చరరు పిల్ల తను రాసుకొచ్చిన కాగితాలు మడిచి సంచిలో పెట్టేసుకుంది.

హెడ్ మేడం ఆ రోజు ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయింది. సోమవారం పొద్దున జవాబు నకలు తీయమని నాకే ఇచ్చింది కాబట్టి అందులో ఏముందో నాకు తెలుసు. “మా చేతి కుట్టులో ఇన్నేళ్లలో ఒక తప్పు జరిగింది. చేసిన మనిషే దాన్ని నలుగురి ముందూ చెప్పింది, నలుగురి ముందూ సరిదిద్దింది. మిషను బైండింగులో ఇలాంటి తప్పు జరిగితే మాకు చెప్పేదెవరో దయచేసి తెలియజేయగలరు.” కింద లెక్చరరు రాసిన నాలుగు మాటలు కూడా జతచేసింది. పైవాళ్ల నుంచి ఇంతవరకు తిరుగు జవాబు రాలేదు. గది తెరిచే ఉంది.

ఆ సోమవారం మధ్యాహ్నమే ముక్కాలిపీట మీద కూర్చుని, ఎన్నాళ్లుగానో కాకపోయినా ఐదు రోజులుగా నన్ను తొలుస్తున్నది అడిగేశాను.

“ఆ రోజు కాగితాలు సరైన వరసలో పెట్టి ఉంటే, నువ్వు లైబ్రరీకి వచ్చేదానివా అక్కా?”

సూదక్క కొత్త కట్ట విప్పుతోంది. తలెత్తలేదు.

“అందరూ ఇదే అడుగుతారని తెలుసు, నువ్వు ముందడిగావు. ఆలోచించాను. చూడూ, రెండు కాగితాలు చేతిలో ఉన్నాయి. ఎటైనా పెట్టొచ్చు. మావయ్యను అడగొచ్చు, బెజ్జం చూడొచ్చు. ఏదీ చేయకుండా వాన వెనక్కి పెట్టాను. ఎందుకు పెట్టాను? అప్పటికే నేను గేటు దాకా వచ్చేసి ఉన్నాను కాబట్టి. పుస్తకం నన్నేం పంపలేదమ్మాయ్. నేనే దాన్ని తోడు రమ్మన్నాను.”

“ఇప్పుడు సరైన ముగింపు చదివాక?”

“ఇంకా బాగుంది. నాలుగేళ్లు మావయ్య పేరు కింద నేను కుట్టిన ముడులన్నీ అట్టల లోపల ఉండేవి కదా. ఎవరికి తెలుసు? నాకు తెలుసు.” దారం పళ్లతో తెంపింది. “ఆవిడా నేనూ ఒకే పని చేశాం. నేను ముందు బోర్లించి తర్వాత బయటికొచ్చాను. ఆవిడ బయటికెళ్లొచ్చి బోర్లించింది.”

సాయంత్రం గది తాళం వేసే వేళయింది. ఆవిడ జిగురు గిన్నె పంపు కింద కడిగింది, నాలుగుసార్లు విదిలించింది, తుడవకుండా కిటికీ గట్టు మీద బోర్లించింది.

నేను గిన్నె వంక, ఆవిడ వంక మార్చి మార్చి చూశాను.

“ఏంటే ఆ చూపు?” అంది తాళం తీసుకుంటూ. “దానికేం అర్థం లేదు. అది జిగురు గిన్నె. లే, బస్సు పోతుంది.”